సమస్య: బంతి గొంతుఁ గోసె వింత గాదె

నిర్వాహకుడు: ఈ వారం నన్ను నవ్వించిన పాదం ఇది. బంతి మాత్రం గ్రీకులదో రోమన్లదో కావాలి. క్రికెట్ తెస్తే తీసేస్తాను.

గురులఘువు:
ఆటచోటునందె యాసనమును వేసి
గడ్డ మొకఁడు గీయఁ గత్తిపైన
దూకి పడియె బంతి; తొట్రిలెఁ జెయి; కాన
బంతి గొంతుఁ గోసె వింత గాదె

క్రీ.శ. 533 నాటి రోమన్ న్యాయ సంకలనం జస్టీనియన్ డైజెస్టులో న్యాయవేత్త ఉల్పియన్ చెప్పిన కేసే. పోయింది ఒక బానిస ప్రాణం. తప్పు క్షురకుడిదేనని మరో న్యాయవేత్త ప్రోకులస్ తేల్చాడు.

గోదారిగట్టు: బాగుంది మేష్టారూ. కథ ఉల్పియన్ ఇచ్చాడు, గణాలు మీరు కట్టారు. అయినా "తొట్రిలెఁ జెయి" దగ్గర నిజంగానే చెయ్యి జారినట్టుంది. ఇక నాది:

ముగ్గు రాడునపుడు మూలకొక్కఁడు నిల్చి
నేల రాలు బంతి నెంచు నొకఁడు
పంత మాడినట్టి వాని చేజాఱిన
బంతి గొంతుఁ గోసె వింత గాదె

గురులఘువు: ముగ్గురు ఆడే రోమన్ బంతాట, త్రిగోన్! గొంతు కోయడాన్ని నమ్మకద్రోహం చేశారు, ఆ విరుపుకి వీరతాడు. మరి రెండో పాదంలో యతి? "బంతి నెంచు"లో నకారం ద్రుతానిది, అంటే ముందు మాట చివర చేరే నకారం; అక్కడ అచ్చుకే యతి. "నే"కి "ఎ" ఎలా చెల్లుతుంది? "నేల రాలు బంతి నేర మగును" అనండి, సరిపోతుంది.

గోదారిగట్టు: అలా సవరిస్తే లెక్కపెట్టేవాడి ఉద్యోగం ఊడుతుంది! రోమన్ రచయిత పెట్రోనియస్ తన కథలో రాసిన ధనికుడు ట్రిమాల్కియో ఆటలో అసలు మజా వాడే. గాల్లో ఉన్న బంతుల్ని వదిలేసి, కిందపడ్డవే లెక్కపెడతాడు. కిందపడ్డ బంతిని యజమాని మళ్లీ ముట్టడు, సంచిలోంచి కొత్తది అందిస్తారు. అయినా ఇంత నిశితమైన చూపు మీ పాత స్పార్టా పూరణప్పుడు ఎక్కడికెళ్లింది? ఎపిస్కిరోస్ అనే గ్రీకు జట్ల బంతాటలో మీవాళ్లు బంతిని కాలితో తన్నారు. గ్రీకు నిఘంటుకారుడు పోలక్స్ చెప్పింది విసరడం గురించి. మధ్యలో రాతిముక్కల గీత, అవతలి జట్టు తన వెనకగీత దాటేదాకా తలల మీంచి విసురుతూనే ఉండాలి.

చలవపందిరి: ఆ పద్యానికి అప్పట్లో "భేష్" అన్నది గోదారిగట్టు గారే. అది పాదపూరణం కాదు, పాదతాడనం! సరే, క్షురకుడికి తగిలింది ఏ బంతి? గాలి నింపిన ఫోలిస్ బంతికి కత్తి అంతలా కదులుతుందా? దాన్ని రోమన్ కవి మార్షల్ పిల్లలకీ ముసలివాళ్లకీ వదిలేశాడు. నా ఓటు గట్టిగా కూరిన హర్పాస్టమ్ బంతికి.

గురులఘువు: ఉల్పియన్ రకం చెప్పలేదు, బంతిని గట్టిగా కొట్టారన్నాడంతే. పైగా అలాంటి చోట కుర్చీ వేసినవాడికి గడ్డం అప్పగిస్తే, అప్పగించినవాడు తనను తానే నిందించుకోవాలన్నాడు.

నిర్వాహకుడు: "గాదె" ఊతపదమని ఒక్కరూ అనలేదేం?

గోదారిగట్టు: పాదం తమరిది, మేం మర్యాదస్తులం.