పాత కారు మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్: జీఎల్-4 బదులు జీఎల్-5 పోయొచ్చా? మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

ప్రశ్న

ఇరవై ఏళ్లు దాటిన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు, ఐదు గేర్ల మాన్యువల్. 1,40,000 కి.మీ. తిరిగింది. గేర్ ఆయిల్ ఎప్పుడైనా మార్చినట్టు సర్వీస్ పుస్తకంలో లేదు. పొద్దున్నే బండి తీసినప్పుడు ఫస్ట్ నుంచి సెకండ్‌లోకి వేస్తుంటే గర్రుమంటోంది. ఐదారు కిలోమీటర్లు నడిచాక తగ్గిపోతోంది. మాన్యువల్లో 75డబ్ల్యూ-90 జీఎల్-4 అని ఉంది. చేతిలో ఉన్నది 80డబ్ల్యూ-90 జీఎల్-5. నంబరు పెద్దది కాబట్టి ఇంకా మంచిదే కదా, పోసేయొచ్చా? ఇంకోటి, ఈ పని సొంతంగా చేసుకోవాలంటే ఎక్కడ జాగ్రత్తపడాలి? గేర్‌బాక్స్ మీద రెండు మూడు ప్లగ్గులు కనిపిస్తున్నాయి, ఏది దేనిదో తేలడం లేదు.

జవాబు 1

ఆ జీఎల్-5 పక్కన పెట్టేయండి. జీఎల్ అనేది గేర్ ఆయిల్ ఏ రకం పనికో చెప్పే గుర్తు. 4 కంటే 5 మెరుగని కాదు, రెండూ వేర్వేరు పనులకి చేసినవి. జీఎల్-5 హైపాయిడ్ గేర్లున్న డిఫరెన్షియల్ (రెండు వైపుల చక్రాలకీ బలం పంచే గేర్ల అమరిక) కోసం. అక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ విపరీతమైన ఒత్తిడితో ఒరుసుకుంటాయి. అందుకని గంధకం, భాస్వరం ఉన్న ఈపీ (విపరీతమైన ఒత్తిడిని తట్టుకునే) అడిటివ్‌లు జీఎల్-4లో కంటే దాదాపు రెట్టింపు వేస్తారు. పాత గేర్‌బాక్సుల్లో సింక్రో రింగులు (గేర్ పడేముందు వేగాలు కలిపేవి) ఎక్కువగా ఇత్తడివి. బాక్స్ వేడెక్కినప్పుడు ఆ గంధకం ఇత్తడిని కొద్దికొద్దిగా తినేస్తుంది. ఈమధ్య జీఎల్-5 ఆయిళ్లలో కొన్ని ఇత్తడి జోలికి అంతగా పోవు, నిజమే. కానీ డబ్బా మీద సింక్రో గేర్‌బాక్సులకి పనికొస్తుందని స్పష్టంగా రాసి లేకపోతే నమ్మొద్దు.

అరుగుదల సంగతి ఎప్పటికో తెలుస్తుంది. మీకు వెంటనే తగిలేది ఇంకోటి. సింక్రో రింగు పని చేసేదే రాపిడితో. గేర్ మీదున్న కోన్‌ని రింగు గట్టిగా పట్టుకుని, రెండింటి వేగం సమం చేశాకే గేర్‌ని షాఫ్ట్‌కి కలిపే స్లీవ్ లోపలికి జారుతుంది. ఆయిల్ మరీ జారుడుదైతే ఆ పట్టు దొరకదు, గరగర ఇంకా పెరుగుతుంది.

80డబ్ల్యూ, 75డబ్ల్యూ తేడా కూడా చిన్నది కాదు. డబ్ల్యూ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పటి చిక్కదనం. మీ బాధంతా చల్లటి బాక్స్‌తోనే కాబట్టి 75డబ్ల్యూ-90నే తీసుకోండి.

ఈ లెక్క అన్ని బండ్లకీ ఒకటే అనుకోకూడదు. సుబారు మాన్యువల్ బాక్సుల్లో ముందు డిఫరెన్షియల్ కూడా అదే ఆయిల్లో తిరుగుతుంది, వాటికి కంపెనీయే జీఎల్-5 చెప్తుంది. పాత హోండాలు కొన్నింటికి ఇంజన్ ఆయిలే పోయమని ఉంటుంది. మాన్యువల్లో ఏముంటే అదే.

జవాబు 2

పని విషయానికొస్తే, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే: ముందు ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్ విప్పండి. అది ఊడుతుందని తేలాకే ఆయిల్ దించే కింది డ్రెయిన్ ప్లగ్ ముట్టుకోండి. ఉన్న ఆయిలంతా దించేశాక పైది బిగుసుకుపోయి రాలేదంటే బండి కదిలించడానికి ఉండదు.

ఫిల్లర్ మామూలుగా కేసింగ్ పక్కన సగం ఎత్తులో ఉంటుంది, డ్రెయిన్ అట్టడుగున. మూడోది ఏదైనా కనిపిస్తే డయాగ్రామ్ చూడకుండా విప్పొద్దు. కొన్ని బాక్సుల్లో గేర్ మార్చే సెలెక్టర్ స్ప్రింగునీ గుండునీ ఆపి ఉంచే బోల్టు అచ్చం ప్లగ్ లాగే ఉంటుంది. విప్పితే స్ప్రింగు బయటికి ఎగురుతుంది. ఫిల్లర్ ప్లగ్గే లేని బాక్సులూ ఉన్నాయి. వాటికి స్పీడోమీటర్ డ్రైవ్ రంధ్రంలోంచో, రివర్స్ లైట్ స్విచ్ తీసిన చోటునుంచో పోయాలి.

ముందురోజే ప్లగ్గుల చుట్టూ వైర్ బ్రష్‌తో మట్టి గీకి, తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. తల షట్కోణమైతే ఆరు పలకల సాకెట్ వాడండి, పన్నెండు పలకలది అంచులు కోసేస్తుంది. నలుచదరపు గుంట ఉంటే చాలావాటికి 3/8 అంగుళాల రాచెట్ మొనే నేరుగా పడుతుంది.

పావుగంట నడిపి ఆయిల్ గోరువెచ్చగా అయ్యాక దించండి. సైలెన్సర్ పైపు చేతికి తగలకుండా చూసుకోండి. నాలుగు చక్రాల దగ్గరా స్టాండ్లు పెట్టి బండి సమంగా ఉంచాలి. ముందు భాగం ఒక్కటే లేపితే లెవెల్ తప్పు చూపిస్తుంది. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం దూరొద్దు.

ధార ఆగి చుక్కలు పడేదాకా పదిహేను, ఇరవై నిమిషాలు వదిలేయండి. దిగిన ఆయిల్ కొలవండి, చాలామంది వదిలేసే పని ఇది. రాగి లేదా అల్యూమినియం వాషర్ ఒకసారి నలిగాక మళ్లీ సరిగ్గా కూర్చోదు, కొత్తది వేయండి. వాషర్ లేని ప్లగ్గులు ఏటవాలు మరతో ఉంటాయి. వాటికి ఆయిల్‌కి తట్టుకునే థ్రెడ్ సీలెంట్ కొద్దిగా రాసి నెమ్మదిగా బిగించాలి. కేసింగ్ అల్యూమినియం కదా, బలం చూపిస్తే మర ఊడొస్తుంది, ఏటవాలు ప్లగ్ అయితే కేసింగే పగలొచ్చు. టార్క్ మాన్యువల్లో చూసి రెంచ్‌తో బిగించండి.

నింపడానికి చేతి పంపు, లేదా ఇంజన్ వైపు నుంచి దించిన మీటరున్నర పారదర్శక గొట్టం, పైన గరాటా. డబ్బాని కాసేపు వేడినీళ్లలో ఉంచితే ఆయిల్ తొందరగా దిగుతుంది. ఇలాంటి బాక్సులకి సాధారణంగా రెండు నుంచి మూడు లీటర్లు పడుతుంది. ఫిల్లర్ రంధ్రం అంచు దాటి కారడం మొదలయ్యాక ఆపి, ధార చుక్కలయ్యే దాకా ఆగి ప్లగ్ బిగించండి. ఎక్కువ పోస్తే గేర్లు చిలికి నురగ తెస్తాయి, సీళ్ల దగ్గర కారుతుంది.

ప్రశ్న అడిగినవారు

జీఎల్-4 తెచ్చి, ఆయిల్ దించాను. మాన్యువల్లో 2.2 లీటర్లు అని ఉంటే 1.6 లీటర్లే దిగింది, నల్లగా ఉంది. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు అంటుకుంది. ఎండలో చూస్తే ఆయిల్లో బంగారు మెరుపు. కొత్తది పోసే ముందు ఒకసారి డీజిల్‌తో కడగమంటున్నారు. కడగనా?

జవాబు 3

డీజిల్ వద్దు. ఎంత దించినా బేరింగుల వెనకా గుంటల్లోనూ మిగిలిపోయి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. మరీ మురికిగా అనిపిస్తే ఇప్పుడు పోసినదాన్నే రెండు మూడు వేల కిలోమీటర్లకి మార్చేయండి, కడిగినట్టే.

అయస్కాంతం మీది పేస్టుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడండి. గ్రీజులా మెత్తగా జారితే మామూలు అరుగుదల, తుడిచేయండి. గరుకుగా గుచ్చుకుంటే, చీలికల్లాంటి ముక్కలుంటే గేర్ పన్నో బేరింగో పెళ్లలు రాలుతున్నట్టు. ఆ బంగారు మెరుపు ఇత్తడి రజను, సింక్రో రింగులది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టే ఆయిల్లో తేలుతోంది. ఈ వయసు బండికి కొంచెం ఉండటం సహజం. కానీ రింగు మీది సన్నటి గాట్లు అరిగిపోయి ఉంటే ఏ ఆయిలూ వాటిని తిరిగి తేలేదు. గరగర తగ్గొచ్చు, పూర్తిగా పోతుందని హామీ లేదు.

నాకు వీటన్నిటికంటే ఆ 600 మి.లీ. లోటే ఎక్కువ కంగారు పెడుతోంది. ఎక్కడికి పోయిందో తేల్చకుండా వదలొద్దు. రెండు వైపులా డ్రైవ్ షాఫ్ట్ సీళ్లు, గేర్ లీవర్ రాడ్డు లోపలికి పోయే చోట సీలు, గేర్‌బాక్స్ ఇంజన్‌ని కలిసే చోట అడుగు తుడిచి చూడండి. చివరి చోట తడి గేర్ ఆయిల్ వాసన కొడితే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ తిరుగుడు బాక్స్‌లోకి తెచ్చేది) సీలు పోయినట్టు, అది క్లచ్ ప్లేటు మీద పడితే క్లచ్ జారుతుంది. పైనున్న బ్రీదర్ (లోపలి గాలి బయటికి వదిలేది) మూత మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూడండి. వేడికి లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలు నుంచి కూడా ఆయిల్ తోసేస్తుంది. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ బాక్సుల్లో ఐదో గేరు చివర విడిగా ఒక కవర్లో ఉంటుంది, ఆయిల్ తగ్గితే ముందు ఎండేది అదే. ఐదో గేర్లో హోరు వస్తోందేమో వినండి.

జవాబు 4

నెపం సింక్రో మీద వేసే ముందు క్లచ్ పూర్తిగా వదులుతోందో లేదో చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా పెడల్ అడుగుదాకా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా బాక్సుల్లో రివర్స్‌కి సింక్రో ఉండదు. అంతసేపు ఆగినా గర్రుమంటే క్లచ్ అంటుకుని తిప్పుతున్నట్టు. కేబుల్ సర్దుబాటు చేయండి, హైడ్రాలిక్ అయితే గాలి తీయండి. రివర్స్ నిశ్శబ్దంగా పడి, చల్లటి బండిలో సెకండ్ ఒక్కటే గోల చేస్తే తప్పు ఆ సింక్రోదే.

కొత్త ఆయిల్ పోశాక కూడా మొదటి రెండు మూడు కిలోమీటర్లు సెకండ్‌లోకి నెట్టకుండా, న్యూట్రల్లో అరక్షణం ఆపి వేయండి. వంద కిలోమీటర్లు తిరిగాక ప్లగ్గుల చుట్టూ వేలితో తడిమి చెమ్మ ఉందేమో చూసుకోండి. దించిన పాత ఆయిల్ కాలువలో పోయకుండా, మూతున్న డబ్బాలో వాడిన ఆయిల్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి.