దిగులు, చాదస్తం, పిచ్చి: ఇవి జబ్బుల పేర్లుగా పనికొస్తాయా?

ప్రశ్న:
మానసిక జబ్బుల మీద మామూలు పాఠకుల కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం రాస్తున్నాం. డిప్రెషన్‌కి దిగులు, యాంగ్జైటీకి ఆందోళన, వద్దన్నా వచ్చే ఆలోచనలతో చేసిన పనే మళ్లీమళ్లీ చేయించే ఓసీడీకి చాదస్తం, స్కిజోఫ్రీనియాకి పిచ్చి అని పెట్టుకున్నాం. అందరికీ తెలిసిన మాటలే కదా అని. పెద్దలు చూసి చెప్పగలరు.

జవాబు:
అందరికీ తెలిసిన మాటలు కావడమే ఇబ్బందండీ. వాటికి వేరే అర్థాలు ఎప్పుడో స్థిరపడ్డాయి.

దిగులనగానే "ఎందుకు?" అని అడుగుతాం. బెంగకైతే మనిషే కావాలి, ఎవరిమీదో బెంగ. డిప్రెషన్‌కి పైకి కనిపించే కారణం ఉండొచ్చు, లేకపోవచ్చు. "నీకేం తక్కువని దిగులు?" అన్న ప్రశ్న ఆ మనిషిని ఇంకా కుంగదీసేది అందుకే. పైగా కొందరికి ఏడుపే రాదు, ఇష్టమైన పని మీద కూడా మనసు పోదు, అంతే. మనసు కుంగి ఉండటమో, దేనిమీదా ఆసక్తి లేకపోవడమో దాదాపు ప్రతిరోజూ, కనీసం 2 వారాలు ఉండాలి. దానికి తోడు నిద్ర, ఆకలి, ఏకాగ్రత దెబ్బతినడం, ఎందుకూ పనికిరాననిపించడం, చావు ఆలోచనలు లాంటివి కలిస్తే డాక్టర్లు డిప్రెషన్ అంటారు. పత్రికల్లో వస్తున్న "కుంగుబాటు" నాకు నచ్చింది. అదే వాడండి.

ఆందోళన ఉంచేయొచ్చు. ధర్నాలకీ అదే మాట వాడతాం గానీ, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చెమటలు పట్టి, ఊపిరాడక, నిమిషాల్లో తారస్థాయికి చేరే పానిక్ అటాక్‌ని మాత్రం విడిగా చెప్పండి. చాలామంది దాన్ని గుండెపోటనుకుంటారు.

చాదస్తాన్ని తప్పకుండా తీసేయండి. ఛాందసం నుంచి వచ్చిన మాట అది. చాదస్తుడికి తను చేసేది సబబే అనిపిస్తుంది, అవతలివాళ్లదే తప్పు. ఓసీడీ ఉన్న చాలామందికి తాళం వేశామని తెలుసు, చెయ్యి శుభ్రంగానే ఉందనీ తెలుసు. అయినా వద్దన్న ఆలోచన మళ్లీమళ్లీ దూరి, చేసిన పనే చేయిస్తుంది. నరకమది. దాన్ని చాదస్తమంటే, ఆ మనిషి సాయం అడగడానికే సిగ్గుపడతాడు.

మరొకరు:
స్కిజోఫ్రీనియా అంటే ఒకే మనిషిలో ఇద్దరుండటం కదండీ? "మనోవిచ్ఛిన్నత" సరిపోదా?

జవాబు:
కాదండీ. ఆ అపోహ పేరులోంచే పుట్టింది. 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ గ్రీకు ధాతువులతో ఆ పేరు పెట్టాడు, చీలిన మనసు అని. ఆయన ఉద్దేశం ఆలోచన, భావం, నడవడి ఒకదాంతో ఒకటి పొసగకపోవడం. జపాన్‌వాళ్లు తమ భాషలో ఆ చీలిక అర్థమున్న పాత పేరును 2002లో మార్చేశారు, రోగులకది అవమానంగా ఉందని. మనం కొత్తగా విచ్ఛిన్నత తగిలించడం దేనికి? స్కిజోఫ్రీనియా అనే రాసి, లక్షణాలు వివరించండి.

అక్కడ భ్రాంతి, భ్రమ కలిసిపోకుండా చూడండి. వేదాంతంలో రజ్జుసర్పభ్రాంతి అంటారు, తాడును చూసి పామనుకోవడం. ఈ జబ్బులో తాడే ఉండదు. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి, చెవికి స్పష్టంగా. దాన్ని భ్రాంతి అనండి. తనమీద కుట్ర జరుగుతోందని, ఎన్ని రుజువులు చూపినా సడలని నమ్మకాన్ని భ్రమ అనండి. వాదించి ఒప్పించాలని ఇంట్లోవాళ్లు అలిసిపోతారు. వాదనతో పోయేది కాదని పుస్తకంలో రాస్తే వాళ్లకెంతో మేలు.

పిచ్చి అసలు వద్దు. సినిమా పిచ్చి, పిచ్చి మొక్క, పిచ్చి తల్లి... ఆ మాట ఇన్నిచోట్ల తిరుగుతోంది, జబ్బు పేరుగా నిలవదు. తిట్టుగా మాత్రం బాగా నిలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. బైపోలార్‌ని "ఉన్మాదం–కుంగుబాటు" అనొచ్చా?

జవాబు:
ఉన్మాది అంటే ఇప్పుడు పత్రికల్లో హంతకుడి పేరైపోయింది, వద్దండీ. "ఉద్రేక దశ, కుంగుబాటు దశ" అనండి. ఉద్రేక దశలో నిద్ర లేకపోయినా అలుపుండదు, మాటకు అడ్డుండదు, చేతిలో డబ్బు నిలవదు. అది సాధారణంగా కనీసం వారం ఉంటుంది. పొద్దున కోపం, సాయంత్రం నవ్వు వచ్చినవాళ్లని బైపోలార్ అనేస్తున్నారు, అది సరికాదని ఒక వాక్యం చేర్చండి. కుంగుబాటు దశలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లు ఎక్కువ. మునుపు ఉద్రేక దశ వచ్చిపోయిందేమో డాక్టర్‌కి చెప్పమని కూడా రాయండి, మందులు దాన్నిబట్టి మారతాయి.