9.5 అడుగుల బెడ్‌రూమ్‌కి ఫాల్స్ సీలింగ్ అవసరమా?

మియాపూర్ టాప్‌ఫ్లోర్:
మాది అపార్ట్‌మెంట్‌లో చివరి అంతస్తు. బెడ్‌రూమ్ 11 బై 12, నేల నుంచి స్లాబు దాకా 9.5 అడుగులు. గదంతా జిప్సం ఫాల్స్ సీలింగ్, అంటే స్లాబు కింద బోర్డులతో ఇంకో కప్పు, వేయాల్సిందేనంటున్నాడు ఇంటీరియర్ అతను. వేడి కూడా తగ్గుతుందట. మా ఆయనకి సీలింగ్ అంచు గాడిలో దాచిపెట్టే కోవ్ లైట్ల మీద మోజు. మా అత్తగారేమో "ఉన్న కప్పుకేమొచ్చింది?" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

గోదారి అల్లుడు:
వేయించుకోండి మేడం. బీములు, వైర్లు కనపడవు. రాత్రిపూట ఆ పసుపు వెలుగులో గది కళే వేరు. జీవితమంతా ట్యూబ్‌లైటేనా?

సైట్ ఇంజనీర్:
నా ఓటు అత్తగారికే. నివాస గది ఎత్తు కనీసం 2.75 మీటర్లు, అంటే దాదాపు 9 అడుగులు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. ఏసీ గదికి ఫాల్స్ సీలింగ్ కింద 2.4 మీటర్లున్నా చాలు. కాబట్టి అతను చెప్పేది రూల్‌కి విరుద్ధమేం కాదు. చిక్కల్లా ఫ్యానుతో. సీలింగ్‌కి ఆరంగుళాలు పోతే మిగిలేది 9. రెక్కలకీ కప్పుకీ మధ్య అడుగైనా ఖాళీ లేకపోతే గాలి సరిగా ఆడదు. అంటే రెక్కలు 8 అడుగుల దగ్గర తిరుగుతాయి. మంచం మీద నిలబడి దోమతెర కట్టడానికి చెయ్యెత్తి చూడండి, తెలుస్తుంది.

లాఫ్ట్ ఉందా? 7 అడుగుల వార్డ్‌రోబ్, పైన 2 అడుగుల లాఫ్ట్, అక్కడికే 9 అయిపోయింది. బోర్డు అంగుళం కిందికి దిగినా లాఫ్ట్ తలుపు తెరిచినప్పుడల్లా అంచు గీసుకుంటుంది. సీలింగ్ వాళ్ళొక కొలత, కార్పెంటర్ ఒక కొలత తీసుకున్న ఇళ్ళలో ఇది మామూలే.

వేడంటారా, బోర్డుకీ స్లాబుకీ మధ్య గాలి కొంత ఆపుతుంది, కాదనను. కానీ కాగిన స్లాబు కాగినట్టే ఉంటుంది కదా. డాబా మీద తెల్ల కూల్ రూఫ్ పెయింట్ వేస్తే ఎండ చాలావరకు పైనుంచే వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది అందుకే. అసోసియేషన్‌లో అడగండి.

గోదారి అల్లుడు:
అసోసియేషన్ వాళ్ళు ఒప్పుకునేసరికి వీళ్ళ పిల్లలు పెళ్ళీడుకొస్తారు సార్.

చెమ్మ బాధితురాలు:
చివరి అంతస్తు అన్నారు, అందుకే చెబుతున్నా. వానలకి స్లాబు చెమ్మగిల్లితే మామూలు కప్పు మీద మరక వెంటనే కనిపిస్తుంది. మా ఇంట్లో జిప్సం బోర్డు ఉబ్బి, జాయింట్ల దగ్గర పసుపు గీతలు పడేదాకా ఎవరికీ తెలీలేదు. కోవ్‌లో బల్లులు కాపురం పెట్టాయి, అది వేరే కథ.

మియాపూర్ టాప్‌ఫ్లోర్:
పోనీ, చుట్టూ బోర్డరులా వేసి మధ్యలో వదిలేస్తే?

సైట్ ఇంజనీర్:
అది నయం. అడుగున్నర వెడల్పు చాలు, వార్డ్‌రోబ్ వైపు మాత్రం వద్దు. మధ్యలో స్లాబు అలాగే ఉంటుంది కాబట్టి ఫ్యాను జోలికి పోనక్కర్లేదు. లైట్లు 3000 కెల్విన్ వార్మ్‌వి, అంటే పసుపు వెలుగువి పెట్టండి, మీ వారి ముచ్చటా తీరుతుంది. ఒక వానాకాలం స్లాబు చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

గోదారి అల్లుడు:
మూడు వైపులా బోర్డరు, నాలుగో వైపు బోడి! ఆ గదికి నేనైతే ఒప్పుకోను. మేడం, లాఫ్ట్ ఎత్తు తగ్గించమని కార్పెంటర్‌ని అడిగారా?