64 జీబీ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఫార్మాట్ కావట్లేదు

పటమట_కారు: బీసెంట్ రోడ్డులో 64 జీబీ పెన్‌డ్రైవ్ కొన్నాను. మా కారు స్టీరియో ఫ్యాట్32 (డ్రైవ్‌లో ఫైళ్లు సర్దిపెట్టే ఒక పద్ధతి) తప్ప చదవదు. విండోస్ 10లో ఫార్మాట్ అంటే ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ మాత్రమే చూపిస్తోంది. పైగా 64 బదులు 59.6 అంటోంది. ఎల్లుండి తిరుపతి ప్రయాణం, ఎవరైనా చెప్పండి.

బ్రాడీపేట_కుర్రాడు: 59 అంటే షాపువాడు ముంచాడన్నా. వెంటనే వెనక్కిచ్చెయ్.

అరండల్‌పేట_రిపేర్లు: ముంచడం ఏమీ లేదు. పదహారేళ్లుగా ఇదే పని నాది. కంపెనీ వాళ్లు వెయ్యితో లెక్కేస్తారు, విండోస్ 1024తో. 64 వందల కోట్ల బైట్లను 1024తో మూడుసార్లు భాగించి చూడండి.

బ్రాడీపేట_కుర్రాడు: 64 వందల కోట్లు కాదు సార్, 6400 కోట్లు. అంకె సరిగ్గా రాయండి ముందు. నా 128 జీబీ డ్రైవ్‌లో పాప బారసాల వీడియోలు ఒక్కటీ తెరుచుకోలేదు. పేరుకి మాత్రం 128 చూపించేది. అది మోసం కాదా?

అరండల్‌పేట_రిపేర్లు: 64 వందల కోట్లన్నా 6400 కోట్లన్నా ఒకటే కదా! మీది నకిలీ చిప్, అది మోసమే. ఆయన సంగతి వేరు. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే డ్రైవ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్‌తో నిండా రాసి, తిరిగి చదివించి చూసుకోవాలి.

లక్ష్మీపురం_గృహిణి: మావారు కెమెరా కార్డు క్విక్ ఫార్మాట్ కొట్టేశారు. మా అత్తగారి చివరి ఫోటోలు అందులోనే ఉన్నాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. క్విక్ ఫార్మాట్‌లో పోయేది ఫైళ్ల పట్టిక మాత్రమేనని మా మేనల్లుడు చెప్పి, ఫోటోరెక్ అనే, పోయిన ఫైళ్లు వెలికితీసే ప్రోగ్రామ్‌తో దాదాపు అన్నీ తీశాడు. ఆ కార్డుతో మళ్లీ ఒక్క ఫోటో కూడా తీయలేదు కాబట్టే దక్కాయి. పూర్తి ఫార్మాట్ అయితే అంతటా సున్నాలు రాసేస్తుందట, ఇక ఆశ లేదు.

వన్‌టౌన్_99: విండోస్‌లో డిస్క్‌పార్ట్ (కమాండ్లతో డిస్కులు సర్దే ప్రోగ్రామ్) తెరిచి క్లీన్ కొట్టండి, డ్రైవ్ మొత్తం ఖాళీ అయిపోతుంది.

అరండల్‌పేట_రిపేర్లు: తమ్ముడూ, డిస్క్ నంబరు చూసుకోమని చెప్పకుండా అలాంటి సలహా ఇవ్వకు! నంబరు తప్పితే కంప్యూటర్‌లో ఉన్న హార్డ్‌డిస్కే ఖాళీ అవుతుంది. అలా ఏడుస్తూ వచ్చినవాళ్లను నేను చూశాను.

పటమట_కారు: నా ప్రశ్న అందరూ మర్చిపోయారు.

బెంజిసర్కిల్_రాత్రిషిఫ్ట్: 32 జీబీ దాటితే ఆ ఫార్మాట్ బాక్సులో ఫ్యాట్32 కనిపించదండీ. అది విండోస్ పెట్టిన హద్దు, డ్రైవ్ లోపం కాదు. రూఫస్ అనే ఫార్మాట్ చేసే ప్రోగ్రామ్‌తో మొత్తం 64నీ ఫ్యాట్32 చేయొచ్చు. లేదా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత వాల్యూమ్ (డ్రైవ్‌లోని భాగం) తీసేసి, 30000 ఎంబీతో కొత్తది చేయండి, ఫ్యాట్32 కనిపిస్తుంది. రెండింట్లోనూ లోపలున్నవి పోతాయి, ముందే కాపీ తీసుకోండి.

పటమట_కారు: రూఫస్‌తో అయిందండీ, కారులో పాటలు మోగుతున్నాయి! పిల్లల కోసం 5 జీబీ సినిమా ఎక్కిస్తుంటే మాత్రం ఫైల్ పెద్దదంటోంది.

బెంజిసర్కిల్_రాత్రిషిఫ్ట్: ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ లోపే ఉండాలి. సినిమాకి వేరే డ్రైవ్ తీసుకుని ఎక్స్‌ఫ్యాట్ చేయండి.

బ్రాడీపేట_కుర్రాడు: అదైనా బిల్లు తీసుకుని కొనన్నా.