ఏడాది వాన మొత్తం అంతే ఉన్నా సవన్నాలో గడ్డికి నీళ్ళెందుకు తగ్గుతాయి?

నీటిలెక్క:
సవన్నాల (అక్కడక్కడ చెట్లుండే వేడి ప్రాంతపు గడ్డిభూముల) గురించి చదువుతూ ఒకచోట ఇరుక్కుపోయాను. ఏడాది వర్షపాతం మారకపోయినా, తరచుగా పడే జల్లులు పోయి, మధ్యమధ్య బెట్టలతో పెద్ద వానలు పడితే గడ్డి వెనకబడి చెట్లూ పొదలూ పుంజుకుంటాయట. పడిన నీళ్ళు అన్నే కదా, మరి తేడా ఎక్కడొచ్చింది? ఇంకోచోటేమో పొడి ప్రాంతాల్లో పెద్ద వానలే గడ్డికి మేలని రాశారు. రెండూ ఎలా నిజమవుతాయి?

వేరుపీచు:
మొత్తాన్ని కాసేపు పక్కన పెట్టి పదును, అంటే వాన వల్ల నేలకి పట్టిన తేమ, ఎంత లోతుకు దిగిందో చూడండి. 3 మి.మీ. జల్లు అంటే చదరపు మీటరుకి 3 లీటర్లు. అందులో కొంత ఆకుల మీదే ఆరిపోతుంది, మిగిలింది పైమట్టిని తడిపి ఒకటి రెండు ఎండలకి ఆవిరైపోతుంది. అదే 30 మి.మీ. ఒకేసారి కురిస్తే తేమ కిందికి దిగుతుంది, అక్కణ్ణుంచి ఎండ దాన్ని అంత తేలిగ్గా లాగలేదు. గడ్డికి పీచు వేళ్ళు, చాలావరకు పైపొరలోనే గుబురుగా ఉంటాయి. ఆ పొర దాటి దిగిన నీరు చెట్ల వాటాకి పోయినట్టే. ఆఫ్రికా దక్షిణాన పొడి ప్రాంతమైన కలహారిలో బోరు వేస్తుంటే షెపర్డ్ ట్రీ అనే చెట్టు వేరు 68 మీటర్ల లోతులో దొరికింది, అంత దూరం వెళ్ళగలవు కొన్ని. దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కులో దీన్ని పరీక్షించారు, 2013లో అచ్చయింది: మొత్తం వాన మార్చకుండా ఒక్కో వాన పరిమాణం కాస్త పెంచితే నీరు లోతుకు దిగి చెట్లు, పొదల పెరుగుదల పెరిగింది, గడ్డి తగ్గింది.

గడ్డిపరక:
పైన గడ్డి, కింద చెట్టు అనే లెక్క వినడానికి బానే ఉంటుంది గానీ నేల అంత శుభ్రంగా గీత గీసి ఉండదండీ. చెట్లకి పైపొరలోనూ వేళ్ళుంటాయి, వానాకాలంలో రెండూ ఒకే తేమ కోసం కొట్టుకుంటాయి. పైగా నిన్నగాక మొన్న మొలిచిన చెట్టు మొక్కకి లోతైన వేరు ఎక్కడిది? అది గడ్డి వేళ్ళ మధ్యనే బతికి బయటపడాలి.

గడ్డిని తక్కువ అంచనా వేయొద్దు. సవన్నా గడ్డి ఎక్కువగా సి4 రకం (జొన్న, మొక్కజొన్నల్లా ఎండతో ఆహారం తయారుచేసుకునే ఒక పద్ధతి), ఖర్చుపెట్టిన నీటికి ఎక్కువ కార్బన్ సంపాదిస్తుంది. పదును తగిలిన కొద్ది రోజులకే పచ్చబడుతుంది, బెట్ట వస్తే ఆకు చుట్టుకుని, ఇంకా ముదిరితే పైదంతా ఎండబెట్టేసి దుబ్బు మొదట్లో మొగ్గల్ని కాపాడుకుంటుంది. దాన్ని దెబ్బతీసేది ఒక్కో వాన పరిమాణం కన్నా రెండు వానల మధ్య ఖాళీ అని నా అభిప్రాయం.

నల్లరేగడి:
రెండో ప్రశ్నకి జవాబు: ఎంత పొడి ప్రాంతం, ఎలాంటి నేల. బాగా పొడిచోట చిన్న జల్లు ఎలాగూ ఆవిరికే పోతుంది, కాబట్టి పెద్ద వానలు పడితేనే గడ్డి వేళ్ళున్న లోతు కూడా సరిగ్గా తడుస్తుంది. తేమ ప్రాంతంలో పైపొర మామూలుగానే తడిగా ఉంటుంది, అక్కడ ఖాళీ పెరగడమే నష్టం. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రం కొంజా ప్రైరీలో మొత్తం వాన మార్చకుండా మధ్య ఖాళీలు 50 శాతం పెంచితే గడ్డిభూమి ఉత్పత్తి తగ్గింది. అది సవన్నా కాదులెండి, కానీ తేమ గడ్డిభూమి ఎలా స్పందిస్తుందో తెలుస్తుంది.

నేల కూడా అంతే. పొడిచోట ఇసుక నేల నయం, నీరు గబుక్కున ఇంకి ఎండకి దూరమవుతుంది. బంకనేల పైనే పట్టి ఉంచి ఆవిరికి అప్పజెబుతుంది. వాన బాగా ఉన్నచోట ఇది తిరగబడుతుంది, అక్కడ ఇసుకలోంచి నీరు జారిపోతుంది. ఈ సంగతి నోయ్-మేర్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1973లోనే చెప్పాడు.

నీటిలెక్క:
ఇప్పుడు కాస్త దారి కనబడింది, థాంక్స్. నా దగ్గర రోజువారీ వాన అంకెలున్నాయి, వాటితో ఏం చూడాలి?

వేరుపీచు:
ఒక్కో వాన ఎంత, ఎన్ని రోజుల తర్వాత పడింది, ఈ రెండు కాలమ్‌లు ముందు చేయండి. తర్వాత రెండు మూడు లోతుల్లో నేల తేమ కొలతలు సంపాదించండి, అవి లేకపోతే మిగతాదంతా ఊహే. పెద్ద వానంతా ఇంకిందని మాత్రం అనుకోవద్దు. మేత ఎక్కువై నేల బోడిగా, పైన గట్టి పొర కట్టి ఉంటే 50 మి.మీ. వాన పడినా చాలా భాగం పైపైనే పారిపోతుంది, గడ్డికీ అందదు, చెట్టుకీ అందదు.