అప్‌డేట్: డ్రైవర్ ఎక్కింది, సైనింగ్ కీ గొడవ తీరింది

ఉబుంటులో ఓడీబీసీ డ్రైవర్ (ప్రోగ్రామ్‌లను డేటాబేస్‌కు కలిపేది) పెట్టబోతే 'ఆప్ట్-కీ' (ప్యాకేజీల సంతకం సరిచూసే సైనింగ్ కీని సిస్టమ్‌లో చేర్చే పాత కమాండ్) వాడొద్దని హెచ్చరిక వస్తోంది, పట్టించుకోవాలా అని అడిగాను కదా. పట్టించుకోవాల్సిందే. ఆ పాత పద్ధతిలో చేర్చిన కీ అన్ని రిపాజిటరీలకూ (ప్యాకేజీలు దొరికే చోట్లకూ) చెల్లుతుంది. దానికి జతగా సంతకం చేసే ప్రైవేట్ కీ ఎవరి చేతిలోనైనా పడితే డ్రైవర్ ఒక్కటే కాదు, మిగతా ప్యాకేజీల మీదా నమ్మకం పోయినట్టే.

మీరు చెప్పినట్టే కీ ఫైల్‌ను 'ఈటీసీ'లోని ఆప్ట్ కీరింగ్స్ ఫోల్డర్‌లో పెట్టి, రిపాజిటరీ అడ్రస్ ఉండే సోర్స్ లైన్‌లో 'సైన్డ్-బై'తో దాని పాత్ ఇచ్చాను. అంతకుముందే కీలను చూసే టూల్ జీపీజీలో 'షో-కీస్' కొట్టి, కీని గుర్తుపట్టే 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ను డ్రైవర్ తయారీదారు డాక్యుమెంటేషన్‌లో ఉన్నదానితో మొత్తం పోల్చుకున్నాను. చివరి 8 అక్షరాలు కలిస్తే చాలనుకోవద్దు, అలాంటి నకిలీ కీలు తయారుచేయడం తేలికే.

ఇంత చేసినా 'ఆప్ట్ అప్‌డేట్' కొడితే పబ్లిక్ కీ లేదనే ఎర్రర్! కాస్త టెన్షన్ పెట్టింది. చూస్తే కీ ఫైల్ పర్మిషన్ 600, అంటే ఫైల్ ఓనరైన రూట్ (అడ్మిన్ యూజర్) తప్ప ఇంకెవరూ చదవలేరు. సంతకం సరిచూసేది రూట్ కాదు, ఆప్ట్ సొంత యూజర్. దానికి ఫైల్ చదివే వీల్లేదు. అందరూ చదవగలిగేలా 644 చేయగానే దారికొచ్చింది.

టెక్స్ట్ రూపంలో ఉన్న కీ అయితే ఫైల్ పేరు చివర 'ఏఎస్‌సీ' ఉండాలి, లేదంటే 'డీఆర్మర్' చేసి బైనరీ రూపంలోకి మార్చాలి. ఆప్ట్-కీ కీలను దాచే పాత ట్రస్టెడ్ ఫైల్‌లోని కీని కూడా తీసేశాను.