వెండి బేసిన్ పోయిన వాష్‌స్టాండ్: కొత్తది పెట్టాలా, ఖాళీగా వదిలేయాలా?

పాతసామాను: నెపోలియన్ కాలపు ఫ్రెంచ్ వాష్‌స్టాండ్‌లో (ఈ మూడుకాళ్ల స్టాండ్ రకాన్ని అథేనియెన్ అంటారు) చెక్క, కంచు మిగిలి వెండి బేసిన్, కూజా పోతే ఏం చేయాలి? కొత్తవి చేయించి పెట్టాలని నా అభిప్రాయం. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న నెపోలియన్ స్టాండ్ చూడండి. ఆర్కిటెక్ట్ పెర్సియే గీసిన నమూనా, కంసాలి బియెన్నే పనితనం. నెపోలియన్ తనని ప్రవాసం పంపిన సెయింట్ హెలీనా దీవికి కూడా దాన్ని వెంట తీసుకెళ్లాడు. బేసిన్ తీసేస్తే అది ఉత్త ముక్కాలిపీట.

గట్టుమీద: నేనొప్పుకోను. ఫ్రాన్స్‌లో వెండి సామానంటే అవసరానికి కరిగించుకునే సొమ్మే. యుద్ధ ఖర్చులకి రాజు 14వ లూయీ 1689లో తన వెర్సాయ్ ప్యాలెస్‌లోని వెండి ఫర్నిచర్ మొత్తం కరిగించేశాడు. పోయిందంటే పోయిందని చూపించడమే నిజాయితీ.

పాతసామాను: 1689కీ దీనికీ లింకేంటండీ? ఇవి 1800 తర్వాతి స్టాండ్లు. వీటి బేసిన్ కరిగించారో, విడిగా అమ్ముకున్నారో మీకు మాత్రం ఏం తెలుసు?

నీలిమ_క: అసలు బేసినే ఉండాలని ఎందుకు? 1773లో ఎబెర్ అనే ఆయన అథేనియెన్‌ని అమ్మకానికి పెట్టినప్పుడు ధూపానికి, పూలమొక్కకి, చేపల తొట్టికి, దేనికైనా పనికొస్తుందనే ప్రచారం చేశాడు. ఆ ఊహ కూడా చిత్రకారుడు వియెన్ వేసిన పెయింటింగ్ నుంచి వచ్చిందే. గాజుగిన్నె పెట్టుకున్నా తప్పేం లేదు.

గట్టుమీద: అది ఎబెర్ సంగతి. బియెన్నే స్టాండ్ మీద హంసలు, డాల్ఫిన్లు ఊరికే పెట్టలేదు. అది నీళ్ల కోసమే చేసింది.

కోడిపుంజు: మీ వాదనలో అమ్మేవాళ్లు ఎక్కడున్నారు? కొత్త బేసిన్ పెట్టి, "పూర్తి సెట్" అని రేటు పెంచుతారు. అక్కడే గొడవంతా. కొనేవాళ్లు బేసిన్ తిరగేసి వెండి వన్నె తెలిపే అధికారిక ముద్ర చూడాలి. 1838 నుంచి ఫ్రెంచ్ వెండి మీద మినర్వా (రోమన్ దేవత) తల ముద్ర పడుతుంది, వన్నె ఎక్కువైనా తక్కువైనా. నెపోలియన్ కాలంలో వేసింది కోడిపుంజు ముద్ర. మినర్వా ఒక్కటే కనబడితే బేసిన్ తర్వాత చేరిందని అనుమానించాల్సిందే. ఇక కొత్తది పెట్టాలంటే రాగితో చేయించి, వెండి పూత వేయకుండా, అడుగున సంవత్సరం చెక్కించండి.

పాతసామాను: రాగి బేసిన్ అంటే ఇంట్లో పెట్టుకునేవాళ్లకి నచ్చదండీ. వెండిదే, అడుగున తారీఖుతో. అంతవరకు ఒప్పుకుంటాను.

గట్టుమీద: తారీఖుని అరగదీయడానికి ఎంతసేపు?